చచ్చిపోయిన ఫార్మాట్ ప్లేయర్ చవగ్గా వస్తే కొనొచ్చా? తోషిబా హెచ్‌డి-ఏ3 మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, బ్లూరేతో పోటీపడి ఓడిపోయిన హెచ్‌డి డీవీడీ అనే డిస్కులు ఆడే ఈ ప్లేయర్ కొన్నందుకు నాకైతే ఏ బాధా లేదు. కానీ ఇవాళ ఎవరైనా ఆన్‌లైన్లో సెకండ్ హ్యాండ్‌ది కారుచవగ్గా దొరుకుతోంది కదా అని తెప్పించుకుందామనుకుంటుంటే మాత్రం కాస్త ఆగమంటా. ఎందుకో చెప్తా, పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి.

ఈ గొడవ తెలియని కుర్రాళ్ల కోసం. డీవీడీ తర్వాత ఏంటి అన్నదాని మీద 2006 నుంచి 2008 మొదటిదాకా పెద్ద కొట్లాటే నడిచింది. ఒకవైపు తోషిబా, ఎన్ఈసీ, వాళ్ల వెనకాల మైక్రోసాఫ్ట్, ఇంటెల్, వీళ్లది హెచ్‌డి డీవీడీ. రెండోవైపు సోనీ, పానాసోనిక్, ఫిలిప్స్, సామ్‌సంగ్ అందరూ కలిసి బ్లూరే. రెండిట్లోనూ వాడేది అదే 405 నానోమీటర్ల లేజర్, సైజు కూడా అదే, డిస్కులు పక్కపక్కన పెడితే తేడా కూడా పెద్దగా తెలీదు. అసలు తేడా అంతా డేటా పొర ఎంత లోతులో ఉందన్న దగ్గరే. హెచ్‌డి డీవీడీలో పాత డీవీడీ లాగే 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది, బ్లూరేలో 0.1 మాత్రమే. అందుకని హెచ్‌డి డీవీడీ డిస్కుల్ని పాత డీవీడీ ఫ్యాక్టరీలోనే చిన్నచిన్న మార్పులతో కొట్టేయొచ్చు, ఖర్చు తక్కువ. కానీ పట్టేది రెండు లేయర్లకీ కలిపి 30 జీబీ, బ్లూరేకి 50.

ఇక ధర. అసలు నేను రాద్దామనుకుంది దీని గురించే. 2006 ఏప్రిల్‌లో తోషిబా మొదటి హెచ్‌డి డీవీడీ ప్లేయర్ ఏ1 అమెరికాలో 499 డాలర్లకి వచ్చింది, జూన్‌లో సామ్‌సంగ్ మొదటి బ్లూరే ప్లేయర్ 999. సగం ధర! జనం అబ్బో అనుకున్నారు. అయితే ఐసప్లై అనే రీసెర్చ్ కంపెనీ ఆ ఏ1ని విప్పి చూసి లోపలి పార్ట్‌లకే 674 డాలర్లు అవుతుందని లెక్క కట్టింది. ఎందుకవ్వదు, లోపల పెంటియమ్ 4 ప్రాసెసర్, ఒక జీబీ ర్యామ్, డీవీడీ ప్లేయర్ డబ్బాలో ఒక కంప్యూటర్ని కూర్చోబెట్టారు వాళ్లు. అంటే మొదటి రోజు నుంచీ ఆ చవక ధర నిజం ధర కాదు, జనాన్ని తనవైపు లాక్కోడానికి తోషిబా జేబులోంచి పెడుతున్న డబ్బు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగినవన్నీ దీన్నుంచి వచ్చినవే.

2007 నవంబర్ మొదటి వారంలో వాల్‌మార్ట్‌లో ఏ2 మోడల్ 98 డాలర్ల 87 సెంట్లకి పెట్టారు. నేనప్పుడు డాలస్ పక్కన అర్వింగ్‌లో ఉండేవాణ్ణి, మా అపార్ట్‌మెంట్స్‌లో సగం మన తెలుగోళ్లే. ఒక ఫ్రెండ్ పొద్దున్నే వెళ్లి లైన్లో నుంచుని రెండు తెచ్చాడు, ఒకటి వాడికి, ఒకటి వాళ్ల బావగారికి. ఆ వీకెండ్‌లో దేశం మొత్తం మీద తొంభై వేల ప్లేయర్లు పోయాయని తర్వాత వార్త వచ్చింది. అందరూ ఇంకేముంది, హెచ్‌డి డీవీడీ గెలిచేసిందన్నారు. నాకు మాత్రం ఒకటే అనుమానం, ప్లేయర్ వంద డాలర్లకి అమ్మితే వేరే కంపెనీ ఎవడు తయారుచేస్తాడు దీన్ని? లాభమే లేని చోటికి ఎల్జీ వస్తాడా, ఇంకోడొస్తాడా? అటుపక్క చూస్తే సోనీ గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ 3 కొన్న ప్రతివాడి ఇంట్లోనూ అడక్కుండానే బ్లూరే ప్లేయర్ వచ్చి కూర్చుంటోంది.

2008 జనవరి 4న వార్నర్ సినిమా స్టూడియో వాళ్లు తమ సినిమాలు ఇకమీదట బ్లూరేలో ఒక్కటే అని ప్రకటించారు. సరిగ్గా లాస్ వేగాస్‌లో జరిగే సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ షో ముందు! హెచ్‌డి డీవీడీ వాళ్లు అక్కడ పెట్టుకున్న ప్రెస్ మీట్ కూడా రద్దు చేసుకున్నారు. పది రోజులు తిరిగేసరికి తోషిబా రేట్లు సగానికి కోసేసింది, ఏ3 149.99, పై మోడల్ ఏ30 199.99. నేను కొన్నది అప్పుడు. ఫ్రెండ్స్ అందరూ తిట్టారు, పోయేదాన్ని కొంటున్నావేంట్రా అని.

నా లెక్క వేరే. అప్పట్లో డీవీడీని మంచిగా అప్‌స్కేల్ చేసి, అంటే బొమ్మని హెచ్‌డి సైజుకి పెంచి, హెచ్‌డి టీవీలో చూపించే ప్లేయర్ కావాలంటే వంద, నూట యాభై పెట్టాల్సిందే. తోషిబా వాటిల్లో ఆ పని బ్రహ్మాండంగా ఉంటుందని కొన్నవాళ్లంతా చెప్పేవాళ్లు. అంటే నేను కొనేది డీవీడీ ప్లేయర్, హెచ్‌డి డీవీడీ అనేది కొసరు. ఇదేదో నేను సమర్థించుకోడానికి చెప్తున్నది కాదు, అదే ఏడాది ఆగస్టులో తోషిబా ఎక్స్‌డి-ఈ500 అని ఒక ఉత్త అప్‌స్కేలింగ్ డీవీడీ ప్లేయర్ తెచ్చింది, దాని ధరెంతో తెలుసా, 149.99! హెచ్‌డి డిస్కు ఆడదు, ఏం లేదు, ధర మాత్రం అదే.

ఫిబ్రవరి 19న తోషిబా అధికారికంగా చేతులెత్తేసింది. మార్చిలో బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ షాపు వాళ్లు అంతకుముందు తమ దగ్గర ప్లేయర్ కొన్నవాళ్లందరికీ 50 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపారు. నేను కొన్నది అక్కడే కాబట్టి నాకూ వచ్చింది, ఇక నా ప్లేయర్ వందకి పడ్డట్టే. తిట్టిన ఫ్రెండ్స్ సైలెంట్.

ఇప్పుడు వాడకం సంగతి. ఏ3 వీడియో 1080ఐ (ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా పంపేది) వరకే ఇస్తుంది, 1080పి (పూర్తి ఫ్రేమును ఒకేసారి పంపేది) కావాలంటే ఏ30కి వెళ్లాలి. ఇది విని చాలామంది అప్పట్లో ముఖం చిట్లించేవాళ్లు గానీ, సినిమా ఎలాగూ సెకనుకి 24 ఫ్రేములే, టీవీ కాస్త మంచిదైతే ఆ 1080ఐ లోంచి పూర్తి ఫ్రేముల్ని మళ్లీ కట్టేసుకుంటుంది, మా ఇంట్లో 42 అంగుళాల టీవీ మీద ఫ్రెండ్ వాళ్ల ఏ30 తెచ్చి పక్కన పెట్టి చూసినా ఎవరమూ ఏది ఏదో చెప్పలేకపోయాం. బొమ్మ అంటే బొమ్మే, ముఖం మీద చెమట చుక్కలు, చొక్కా నేతలో దారాలు కూడా కనిపించేవి. ఇప్పుడు ఫోన్లో స్ట్రీమింగ్ చూసే పిల్లలకి గొప్పగా అనిపించకపోవచ్చు గానీ, చీకటి సీన్లలో ఆ గళ్లుగళ్లు లేకుండా నల్లగా ఉండటం మాత్రం నాకు ఇప్పటికీ ఈ డిస్కుల్లోనే నచ్చుతుంది.

ఒకటే నస, స్లో. పవర్ నొక్కి, ట్రే బయటికి వచ్చి, డిస్కు పెట్టి, సినిమా మొదలయ్యేసరికి మా ఆవిడ టీ పెట్టుకుని వచ్చేసేది. మధ్యలో తొందరపడి రిమోట్ నాలుగుసార్లు నొక్కామా, అవన్నీ గుర్తుపెట్టుకుని ఒకేసారి చేసేస్తుంది, మళ్లీ మొదటికి. అలవాటైపోయిందిలెండి. ఈ ఫార్మాట్ ప్లేయర్లన్నీ అంతే, ఆ కాలపు బ్లూరేలు కూడా ఏమంత చురుకు కాదు. కానీ ఒక విషయంలో మెచ్చుకోవాలి, సినిమా నడుస్తుండగానే మూలలో చిన్న విండోలో డైరెక్టర్ కనిపించి మాట్లాడటం, నెట్ కేబుల్ పెట్టుకోడానికి పోర్టు, ఇవన్నీ హెచ్‌డి డీవీడీలో మొదటి ప్లేయర్ నుంచీ తప్పనిసరి. బ్లూరే వాళ్లు దాన్ని ప్రొఫైల్ 1.1, 2.0 అని విడతలవారీగా ఇచ్చారు, ముందు కొన్నవాళ్లలో చాలామందికి అవి లేనే లేవు. రీజియన్ కోడ్ (ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడకుండా పెట్టే తాళం) గోల కూడా హెచ్‌డి డీవీడీలో లేదు, ఏ దేశం డిస్కయినా ఆడుతుంది. వస్తువుగా చూస్తే ఓడిపోవాల్సింది కాదు ఇది, ఏం చేస్తాం.

మన తెలుగు డీవీడీల మాటేంటి అంటారా. ఇండియన్ గ్రోసరీ షాపుల్లో కొన్నవీ అద్దెకి తెచ్చినవీ దాదాపు అన్నీ రీజియన్ లేని ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) డిస్కులే, ఏ పేచీ లేకుండా ఆడేవి. కానీ మంచి ప్రింటు వేసిన డిస్కు అయితేనే అప్‌స్కేలింగ్ పనికొస్తుంది. ఒకే డిస్కులో మూడు సినిమాలు కుక్కి, మూలన కంపెనీ లోగో, మధ్యలో చిట్టీల యాడ్ స్క్రోలింగ్ వేసే బాపతు డిస్కుని 1080ఐ చేస్తే ఆ గళ్లు ఇంకా క్లియర్‌గా కనిపిస్తాయి, అంతే. తెలుగు సినిమా మాత్రం ఒక్కటి కూడా హెచ్‌డి డీవీడీలో నాకు కనపడలేదు.

తోషిబా ఆపేశాక డిస్కుల పండగ మొదలైంది. ముప్పై డాలర్ల డిస్కులు ఐదుకి, మూడుకి బుట్టల్లో పడేసేవాళ్లు, నేను వారంవారం ఏరుకొచ్చేవాణ్ణి. మైక్రోసాఫ్ట్ గేమ్ మెషిన్ ఎక్స్‌బాక్స్ 360కి పెట్టుకునే హెచ్‌డి డీవీడీ డ్రైవ్, 199కి మొదలైంది, చివర్లో 49.99కి ఇచ్చేశారు. అదీ ఒకటి తీసుకున్నా, యూఎస్‌బీ కాబట్టి మామూలు కంప్యూటర్‌కి కూడా కలుస్తుంది. ఇప్పుడు దాని విలువ ప్లేయర్ కంటే ఎక్కువ అనిపిస్తుంది నాకు. 2009లో వార్నర్ వాళ్లు మంచి స్కీమ్ పెట్టారు, హెచ్‌డి డీవీడీ కవర్ మీద కాగితం పోస్టులో పంపి డిస్కుకి 4.95, పైన షిప్పింగ్ కడితే అదే సినిమా బ్లూరే ఇచ్చేవాళ్లు, పాత డిస్కు మన దగ్గరే. నాకు బాగా నచ్చినవి మార్చుకున్నా. ఆ ఏడాదే తోషిబా కూడా బ్లూరే ప్లేయర్ తెచ్చేసింది అనుకోండి.

హైదరాబాద్ తిరిగొచ్చేటప్పుడు ప్లేయర్ని పారేయబుద్ధి కాక బట్టల మధ్య పెట్టి తెచ్చా. ఇది 120 వోల్ట్‌ల సరుకు, మన ప్లగ్గులో డైరెక్ట్‌గా పెడితే భస్మం. కోఠి గుజరాతీ గల్లీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకున్నా, ప్లేయర్ కంటే అదే బరువు. కొన్నేళ్లకి ట్రే బయటికి రావడం మానేసింది, లోపల గుర్రుగుర్రుమని మోటారు తిరుగుతోంది, తలుపు కదలదు. అదే గల్లీలో మెట్ల కింద కూర్చునే ఒక రిపేర్ ఆయన విప్పి, ట్రే దగ్గర సాగిపోయిన రబ్బరు బెల్టు తీసి వేలికి చుట్టుకుని చూపించాడు, "ఇది ఏ ప్లేయర్‌కైనా పదేళ్లకి ఇంతే సార్" అని, ఒక డబ్బాలోంచి పాత డీవీడీ ప్లేయర్ బెల్టులు నాలుగైదు పెట్టి చూసి సరిపోయింది వేశాడు. లేజర్ పోతే మాత్రం నా దగ్గర ఏం లేదని ముందే చెప్పాడు. అంతకంటే నిజాయితీగా ఎవరూ చెప్పరు.

అసలు దెబ్బ ప్లేయర్ నుంచి కాదు, డిస్కుల నుంచి. ఒక స్టూడియోవి, ముఖ్యంగా ఒకవైపు డీవీడీ ఒకవైపు హెచ్‌డి ఉండే కాంబో డిస్కులు, గీత ఒక్కటి లేకుండా అద్దంలా ఉంటాయి, గంటసేపు చక్కగా ఆడతాయి, తర్వాత బొమ్మ ఆగిపోతుంది. తుడిచినా అంతే, ఎక్స్‌బాక్స్ డ్రైవ్‌లో పెట్టినా అక్కడే ఆగుతుంది. లోపల పొరలు పాడైపోతున్నాయి, మనం చేసేది ఏం లేదు. నా దగ్గరున్నవాటిల్లో చాలానే ఇలా పోయాయి, ఏటా ఇంకొన్ని పోతున్నాయి. కొత్తవి ఎవడూ కొట్టడు కదా.

అందుకే ఇప్పుడు కొనేవాళ్లకి చెప్పేది, ప్లేయర్ ధర చూడకండి, అది ఉచితంగా ఇచ్చినా డిస్కుల్లేకపోతే ఏం చేస్తారు. బ్లూరేలో రాని సినిమా హెచ్‌డి డీవీడీలో ఉంటే, అది మీకు నిజంగా కావాలంటే, అప్పుడు సరే. లేదంటే అదే డబ్బుకి మామూలు బ్లూరే ప్లేయర్ వస్తుంది, డీవీడీలూ ఆడుతుంది, స్లో గోల ఉండదు. డిస్కులు లాట్‌లో కొంటే అమ్మేవాణ్ణి సినిమా చివరి అరగంట ఆడుతున్న వీడియో పంపమనండి, మొదటి సీన్ ఆడితే సరిపోదు. అమెరికా నుంచి ఎవరితోనైనా తెప్పిస్తుంటే ప్లేయర్ వెనకాల 120 వోల్ట్‌లు అని ఉందో లేదో చూసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా కలుపుకోండి. ఏ3 రిమోట్ ఎవరి దగ్గరైనా పనిచేసేది ఉంటే కామెంట్‌లో చెప్పండి, నాది ప్లే బటన్ అరిగిపోయింది.