టిబ్సా, షాఫ్టా: ముందు ఎవరిని చూడాలి?

పాత హాలీవుడ్ నేర చిత్రాల్లో నల్లజాతి కథానాయకుణ్ణి సరిగా చూపించినది ఏదని అడిగే పాఠకులు చాలావరకు రెండింటి మధ్యే ఊగిసలాడుతున్నారు: 1967 నాటి ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’, 1971 నాటి ‘షాఫ్ట్’. ఈ మధ్యే రెండింటినీ వరుసగా రెండు రాత్రులు మళ్లీ చూశాను.

సినిమాగా తూచితే మొదటిదే బరువు తూగుతుంది. ఉత్తమ చిత్రంతో కలిపి అయిదు ఆస్కార్లు గెలిచింది. అయితే ఉత్తమ నటుడి బహుమతి అమెరికా దక్షిణాది ఊరి పోలీసు అధిపతిగా నటించిన తెల్లజాతి నటుడు రాడ్ స్టైగర్‌కు దక్కగా, నల్లజాతి డిటెక్టివ్ టిబ్స్‌గా నటించిన సిడ్నీ పోయిటియర్‌కు నామినేషన్ కూడా రాలేదు. ఆర్కిడ్ మొక్కల గాజు ఇంట్లో పత్తి ఎస్టేటు యజమాని చెంపదెబ్బ కొట్టగానే, టిబ్స్ రెప్పపాటులో తిరిగి కొట్టే దృశ్యం అందరికీ గుర్తే. ఈసారి మాత్రం నా చూపు అక్కడే పళ్లెం పట్టుకుని నిలబడ్డ నల్లజాతి పనివాడి మీద ఆగిపోయింది. అతని మనసులో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి చిత్రానికి లేదు. టిబ్స్ గొప్పతనాన్ని తేల్చవలసినవాళ్లు అక్కడి తెల్లవాళ్లే.

నా మటుకు అసలు కొలమానం ఇదే: కథానాయకుడి చుట్టూ అతని జాతివాళ్లు ఎందరున్నారు, వాళ్లలో వాళ్లు విభేదించుకునేంత చోటు కథలో ఉందా? గోర్డన్ పార్క్స్ దర్శకత్వం వహించిన ‘షాఫ్ట్’లో ఆ చోటు ఉంది. కూతురు అపహరణకు గురైన, న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ల పేట హార్లెంకు చెందిన ముఠా నాయకుడు బంపీ, డబ్బు ముట్టనిదే సాయానికి కదలని ఉద్యమకారుడు బెన్, ఇద్దరినీ అనుమానంగానే చూసే ప్రైవేటు డిటెక్టివ్ షాఫ్ట్: ముగ్గురూ నల్లవాళ్లే, ముగ్గురికీ మూడు లెక్కలు. వీళ్లలో ఎవరూ జాతి మొత్తానికి ప్రతినిధిగా ప్రవర్తించనక్కరలేదు. (మూల నవల రాసిన ఎర్నెస్ట్ టైడీమన్ తెల్లవాడు కావడం వేరే విచిత్రం.) స్త్రీల విషయంలో మాత్రం ఈ చిత్రం పేదదే, కథకు కారణమైన కూతురు కూడా విడిపించవలసిన వస్తువుగానే మిగిలింది.

ఆ లోటు తీరాలంటే నల్లజాతి నటి పామ్ గ్రియర్ కథానాయికగా నటించిన ‘కాఫీ’ (1973) ఉంది. తెల్ల, నల్ల పోలీసుల జంట కథ ‘లీథల్ వెపన్’ (1987) సరదాగా చూడదగ్గదే కానీ ఈ ప్రశ్నకు అంతగా పనికిరాదు.

నేనైతే విడుదల క్రమాన్ని పక్కనపెట్టి ముందు ‘షాఫ్ట్’ చూడమంటాను. తర్వాత ఆ గాజు ఇంటి దృశ్యం వచ్చినప్పుడు, పళ్లెం పట్టుకున్న మనిషి మీకూ కనిపిస్తాడు.