అమెరికాలో రైతు సబ్సిడీ ఎవరికి పోతోందో పేర్లతో చూపించే డేటాబేస్, నా రివ్యూ

అమెరికా రైతుల సబ్సిడీల మీద ఎవరు వాదన మొదలుపెట్టినా ముందు ఈ డేటాబేస్ ఒకసారి చూసి రండి అంటాను. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ నడుపుతోంది, పూర్తిగా ఫ్రీ. అక్కడి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ నుంచి సమాచార హక్కు చట్టం కింద రికార్డులు తెప్పించి, 1995 నుంచి వెళ్లిన చెల్లింపుల్ని రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), పిన్‌కోడ్, పేరు, ఎలా కావాలంటే అలా వెతుక్కునేలా పెట్టారు.

నాకు బాగా నచ్చింది కౌంటీ లిస్టు. ఆ కౌంటీ పొలాల మీద డబ్బు ఎవరికి వెళ్లిందో వరసగా ర్యాంకులతో వస్తుంది, పక్కనే గ్రహీత ఉండే ఊరు కూడా ఉంటుంది, దాంతో పొలం ఒకచోట చెక్కు తీసుకునే మనిషి ఇంకెక్కడో పెద్ద సిటీలో ఉన్నా వెంటనే తెలిసిపోతుంది. దేశం మొత్తం మీద చూస్తే పంటల సబ్సిడీలో నాలుగింట మూడొంతుల పైనే పైనున్న 10 శాతం మందికే పోయింది, అదే తీరు కౌంటీ లిస్టులో పేర్లతో చూస్తుంటే మనసుకి ఇంకా గట్టిగా తగులుతుంది.

పేరు పక్కన స్టార్ ఉంటే తప్పకుండా నొక్కండి, వెనకున్న ఓనర్లెవరో వస్తుంది. 2018 ఫార్మ్ బిల్లులో, అంటే అక్కడి వ్యవసాయ చట్టంలో, ఒక మనిషికి పంటల సబ్సిడీ ఏడాదికి లక్షా 25 వేల డాలర్లు అని లిమిట్ ఉంచారు (2025 చట్టంలో దాన్ని లక్షా 55 వేలకు పెంచారు) కానీ జనరల్ పార్ట్‌నర్‌షిప్ (కొందరు వాటాదారులు కలిసి నడిపేది) అయితే లోపలున్న ఒక్కొక్కరికీ విడిగా లిమిట్ వస్తుంది, పైగా అదే బిల్లు కుటుంబం అంటే చిన్నాన్న పెదనాన్న పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు కూడా అని విస్తరించింది. కాబట్టి లిస్టులో ఒక్క పేరుగా కనిపించేది లోపల చాలా మంది అవ్వొచ్చు.

ఇంకోటి, పంట ధర గానీ రాబడి గానీ పడిపోతే ఆదుకునే ఏఆర్‌సీ, పీఎల్‌సీ అనే ప్రోగ్రాముల డబ్బు ఈ ఏడాది ఏం వేశారన్న దాన్ని బట్టి కాదు, బేస్ ఎకరాలు అని పాత రికార్డులో ఉన్న లెక్కని బట్టి వస్తుంది. మొక్కజొన్న, సోయా, గోధుమ, పత్తి, వరి, వేరుశనగ, ఇలాంటి పంటలకే. కూరగాయలు, పండ్ల పంటలకి ఈ దారిలో ఏమీ రాదు, మనుషులు రోజూ తినేవి పండించేవాళ్లని ఇలా పక్కన పెట్టడం నాకు అస్సలు సబబుగా అనిపించదు.

అతి పెద్ద లోటు పంట బీమా. ప్రీమియంలో సగటున 60 శాతం పైగా ప్రభుత్వమే కడుతుంది, అయినా ఎవరి ప్రీమియానికి ఎంత కట్టారో పేర్లు బయటపెట్టకూడదని చట్టమే ఉంది. అందుకే ఇక్కడ మొత్తాలు కనిపిస్తాయి గానీ మనుషులు కనిపించరు, ఇందులో సంస్థ తప్పేమీ లేదు. అలాగే కౌలు సంగతి కూడా, నగదు కౌలుకి ఇస్తే చెక్కు సాగు చేసేవాడికే పోతుంది, కానీ సబ్సిడీ చూసి ఓనర్ కౌలు పెంచితే ఆ డబ్బు ఎటు పోయిందో ఏ లిస్టూ చెప్పదు.

పేర్లు బయట పెట్టడం రైతుల్ని అవమానించడమే అనేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. 1999 నుంచి 2005 వరకు చనిపోయినవాళ్ల పేర్ల మీద 110 కోట్ల డాలర్లు వెళ్లాయని అక్కడి ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే జీఏఓ సంస్థ ఆడిట్ 2007లో తేల్చింది, అందులో 40 శాతం చనిపోయి మూడేళ్లు దాటినవాళ్ల పేరు మీదే. ప్రజల డబ్బు ఎవరికి చేరిందో అడిగే హక్కు పన్ను కట్టేవాళ్లకి ఉండాలి, చిన్న రైతుకి ఇంకా ఎక్కువ ఉండాలి.

కొత్తగా వాడేవాళ్లు మొత్తం సబ్సిడీ పేజీ దగ్గరే ఆగిపోకండి, ప్రోగ్రాము వారీగా, ఏడాది వారీగా విడదీసి చూడండి. 2018, 2019 చైనా టారిఫ్ గొడవప్పుడు ఇచ్చిన సాయం, 2020 కోవిడ్ సాయం కలిస్తే అంకెలు ఒక్కసారిగా ఎగిరిపోతాయి, భూమిని బీడు పెట్టినందుకు ఇచ్చే సీఆర్‌పీ అద్దె డబ్బు అసలు వేరే కథ. నా రేటింగ్ 5కి 4, ఆ ఒక్కటీ బీమా పేర్లు లేనందుకే.