మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్: పాకమా, పౌడరా? ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఇంట్లో బీర్ చేసుకునేవాళ్లు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, నుంచి తీసిన తియ్యటి సారం) కొనేముందు అడిగే మొదటి ప్రశ్న ఏ బ్రాండ్ మంచిదని. పాకం డబ్బాలు, పౌడర్ ప్యాకెట్లు మార్చి మార్చి వాడిన మీదట నేను మాత్రం ముందు తయారీ తేదీ చూస్తాను. ఆ తర్వాత రంగు. బ్రాండ్ సంగతి మూడోది.

పాకంలో దాదాపు 20 శాతం నీళ్లుంటాయి. ఆ తడి వల్లే అది డబ్బాలో ఊరికే కూర్చుని కూడా మారిపోతుంటుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి మెయిలార్డ్ చర్య సాగుతూ రంగు ముదురుతుంది. వేడిగా ఉండే చోట నిల్వ పెడితే ఇంకా తొందరగా ముదురుతుంది. తాజా లేత పాకాన్ని గరిటెతో పైకెత్తితే బంగారు రంగులో, అవతలి వెలుతురు కనిపించేలా తీగ సాగుతుంది. కమ్మటి మాల్ట్ వాసన తప్ప ఇంకేమీ ఉండదు. అదే రకం, చాలాకాలం షెల్ఫ్‌లో ఉండిపోయిన డబ్బా మూత తీస్తే గోధుమ రంగు కనిపిస్తుంది, నాలుక మీద పెట్టుకుంటే తీపి వెనకాలే సిరా రుచి తగులుతుంది. ఎంత మంచి హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పూలు) వేసినా, ఈస్ట్ ఎంత బాగా పనిచేసినా ఆ రుచి గ్లాసు దాకా వస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసిన బీర్ ఇట్టే తెలిసిపోతుందని చాలామంది అంటారు. వాళ్లు తాగింది చాలాసార్లు పాత పాకంతో చేసినదని నా గట్టి నమ్మకం.

అందుకే నా మామూలు వాడకం పౌడర్. అందులో తేమ 3 శాతం దగ్గరే కాబట్టి గాలి తగలకుండా కట్టిపెడితే చాలాకాలం నిలుస్తుంది. చిక్కల్లా దాన్ని కలపడంలోనే. మరుగుతున్న గిన్నె మీద ప్యాకెట్ వంచితే ఆవిరికి ప్యాకెట్ మూతి దగ్గరే పౌడర్ గట్టిపడుతుంది, గిన్నెలో పడింది ఉండలు కడుతుంది. ముందుగా చన్నీళ్లలో జారుగా కలుపుకుని పోస్తే ఈ గొడవే ఉండదు. వేశాక మంట తగ్గించి పక్కనే నిలబడాలి, నురగ ఒక్కసారిగా పొంగుతుంది. పాకం అయితే అడుగుకి దిగి మాడుతుంది కాబట్టి స్టవ్ ఆపేసి, పూర్తిగా కరిగేదాకా కలిపి, మళ్లీ వెలిగించాలి.

లెక్క కూడా తేడాయే. కిలో పౌడర్‌తో 10 లీటర్ల వర్ట్ (ఈస్ట్ వేయకముందు ఉండే తియ్యటి ద్రవం) చేస్తే, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.036 దగ్గర ఆగుతుంది. కిలో పాకంతో 1.030. రెసిపీలో కిలో పౌడర్ అని ఉంటే పాకం 1.2 కిలోలు పడుతుంది. మిగిలిన పౌడర్ వృథా పోదు, లీటరు నీటికి 100 గ్రాములు వేసి మరిగించి చల్లారిస్తే ఈస్ట్ స్టార్టర్‌కి, అంటే ఈస్ట్‌ని ముందుగా పెంచుకోవడానికి, సరిపోతుంది.

రంగు విషయంలో నాది ఒకటే పట్టు: లేతదే కొనండి. డార్క్ రకంలో మామూలు మాల్ట్‌తో పాటు మ్యూనిక్, క్యారమెల్, బ్లాక్ మాల్ట్ కలిపి ఉండొచ్చు, పాళ్లు కంపెనీ ఇష్టం. దాంతో స్టౌట్ అనే నల్ల బీర్ చేస్తే నలుపు వస్తుంది గానీ వేయించిన బార్లీ చేదు రాదు. లేత పౌడర్ తీసుకుని, నలగ్గొట్టిన క్రిస్టల్ మాల్ట్‌నో వేయించిన బార్లీనో గుడ్డసంచిలో వేసి 65 నుంచి 70 డిగ్రీల వేడినీళ్లలో అరగంట నానబెడితే రంగూ రుచీ రెండూ మన చేతిలో ఉంటాయి. మరీ వేడెక్కితే పొట్టులోని వగరు దిగుతుంది.

గోధుమ, మ్యూనిక్ రకాలకు మాత్రం ఇది వర్తించదు. ఆ గింజల్ని ఊరికే నానబెడితే చాలదు, పిండిపదార్థం చక్కెరగా మారడానికి మాష్ చేయాలి, అంటే ఎంజైములు పనిచేసేలా తగిన వేడి నీళ్లలో నిలిపి ఉంచాలి. కాబట్టి వాటిని ఎక్స్‌ట్రాక్ట్‌గా కొనడమే మేలు. బ్రీస్ కంపెనీ వాళ్ల బవేరియన్ వీట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో 65 శాతం గోధుమ, 35 శాతం బార్లీ ముందే కలిసి ఉంటాయి. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీర్‌కి ఇంకేమీ కలపనక్కర్లేదు.

లేబుల్ మీద మాల్టెడ్ బార్లీ (గోధుమ రకమైతే మాల్టెడ్ గోధుమ కూడా), నీళ్లు తప్ప ఇంకోటి కనిపిస్తే పక్కన పెట్టేస్తాను. కార్న్ సిరప్ కలిస్తే బీర్ పలచబడుతుంది, ఈస్ట్‌కి కావలసిన నత్రజని తగ్గుతుంది. హాప్స్ కలిపిన డబ్బాలు కూడా నాకు నచ్చవు, చేదు ఎంతన్నది కంపెనీ ముందే తేల్చేస్తుంది. నీళ్లకు ఆర్‌ఓ చాలు. తయారీలో వాడిన నీటి ఖనిజాలు ఎక్స్‌ట్రాక్ట్‌లో అలాగే ఉంటాయి.

బీర్ రంగు ఇంకా లేతగా కావాలంటే సగం ఎక్స్‌ట్రాక్ట్ మరగడం మొదట్లో, మిగతా సగం ఆఖరి 10, 15 నిమిషాల్లో వేయండి. లేత పిల్స్‌నర్ రకం పౌడర్‌తో ఇలా చేస్తే తేడా కళ్లకే కనిపిస్తుంది.

పౌడర్‌తో నాకున్న అసలు అసంతృప్తి ఒక్కటే. మాష్ ఎంత వేడి మీద చేశారన్నది ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది, బీర్‌లో మిగిలే తీపి మీద మనకు పట్టు ఉండదు. సెజోన్ లాంటి, తీపి మిగలకూడని బీర్లకు ఎక్స్‌ట్రాక్ట్‌లో పదో వంతు తీసేసి ఆ మేరకు మామూలు పంచదార వేస్తున్నాను.