రూల్‌బుక్స్ విడతలవారీగానా, ఒకేసారా: టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకు ఏది మేలు?

2024 అక్టోబరులో ఒక ఆదివారం రాత్రి. మియాపూర్‌లో మా డైనింగ్ టేబుల్ మీద డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నడుస్తోంది. ఒక్కొక్కరూ ఒక్కో హీరోగా, పాచికలు వేస్తూ కథలో ఆడే ఆట ఇది. కథ నడిపి, శత్రువుల తరఫున ఆడే డీఎమ్‌ని (డంజియన్ మాస్టర్) నేనే. మా బాబాయి కొడుకు మృగాలుగా మారగల డ్రూయిడ్‌గా ఆడుతున్నాడు. తోడేలుగా మారి ఒక గోబ్లిన్‌ని కరిచాడు. అప్పుడే కొన్న కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో (ఆటగాళ్ల రూల్స్ పుస్తకం), చివరి పేజీల్లో ఆ తోడేలు వివరాలున్నాయి. కాటు తగిలిందంటే మనిషి సైజు జీవైనా, అంతకన్నా చిన్నదైనా నేల మీద పడాల్సిందే. పాచిక వేసి తప్పించుకునే వీలు, అంటే సేవ్, లేదు. గోబ్లిన్ పడింది.

తర్వాత నా వంతు. గోబ్లిన్లు ఎక్కి తిరిగే వోర్గ్ అనే పెద్ద మృగం మా ఫైటర్‌ని కరిచింది. దాని వివరాలు నా దగ్గర 2014 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో మాత్రమే ఉన్నాయి. ఆ పుస్తకం ప్రకారం కాటు తిన్నవాడు స్ట్రెంగ్త్ సేవ్ వేసి 13 తెచ్చుకుంటే నిలబడతాడు, లేకపోతే పడతాడు.

"అన్నా, నా తోడేలు కరిస్తే నేరుగా పడిపోవాలి, దానికన్నా పెద్దది కరిస్తే మాత్రం సేవ్ వేసుకోవచ్చా? ఇదేం లెక్క?" అని తమ్ముడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉన్న పుస్తకం రావడానికి ఇంకా నాలుగు నెలలుంది.

చిన్న విషయమే. కానీ టేబుల్‌టాప్ ఆటల అభిమానులు పబ్లిషర్ల మీద ఎందుకంత కోపంగా ఉంటారో చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ వోర్గే. పుస్తకం ఆలస్యమైతే ఎవరైనా ఓపిక పడతారు. చేతిలో సగం ఆట పెట్టి, మిగతా సగానికి తేదీ చెబితేనే కష్టం.

పబ్లిషర్లు ఈ పుస్తకాలను మూడు రకాలుగా తెస్తున్నారు. మొదటిది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తీసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ పద్ధతి, అంటే రూల్స్‌ని మూడు పుస్తకాలుగా చేసి నెలల తేడాతో ఇవ్వడం. రెండోది ఇలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్ తీసే పైజో పద్ధతి. వాళ్లూ విడతలుగానే ఇస్తారు, కానీ రూల్స్ మొత్తం ఉచితంగా నెట్‌లో ఉంటాయి. మూడోది అంతా ఒకేసారి ఇచ్చేయడం. మూడింటినీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: ఇవాళ కొన్నదానితో ఈ రాత్రి పూర్తిగా ఆడగలమా?

ముందు విజార్డ్స్ సంగతి. 1974లో పుట్టిన ఆటకు 2024లో యాభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భానికి రూల్స్ సవరించి, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ని సెప్టెంబరు 17న, డంజియన్ మాస్టర్స్ గైడ్‌ని నవంబరు 12న, మాన్‌స్టర్ మాన్యువల్‌ని 2025 ఫిబ్రవరి 18న విడుదల చేశారు. ఒక్కోటి 384 పేజీలు, ధర 49.99 డాలర్లు. మూడూ కలిపి దాదాపు 150 డాలర్లు. మొదటి పుస్తకానికీ మూడోదానికీ మధ్య ఐదు నెలలు.

ఇందులో కొత్తేముంది అని పాతకాపులు అంటారు. నిజమే. అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు మాన్‌స్టర్ మాన్యువల్ 1977లో, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 1978లో, డంజియన్ మాస్టర్స్ గైడ్ 1979లో వచ్చాయి. అంటే రాక్షసులు ముందొచ్చారు, వాళ్లతో తలపడే హీరోల రూల్స్ తర్వాతొచ్చాయి. 2014లోనూ ఆగస్టు, సెప్టెంబరు, డిసెంబరు అంటూ మూడు విడతలే. అప్పుడు జనం పెద్దగా కోప్పడలేదు. ఎందుకంటే హ్యాండ్‌బుక్ కన్నా ముందే, జూలైలోనే, బేసిక్ రూల్స్‌ని ఉచిత పీడీఎఫ్‌గా ఇచ్చారు. స్టార్టర్ సెట్ కూడా అదే నెలలో వచ్చింది. పైగా నాలుగో ఎడిషన్ నుంచి ఐదోదానికి మారడమంటే పూర్తిగా వేరే ఆటకు మారడం కిందే లెక్క. పాత పుస్తకాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఆడాలని ఎవరూ అనుకోలేదు.

2024లో కలిపి ఆడొచ్చన్నారు. చిక్కు అక్కడే మొదలైంది. పాత పుస్తకాలు పనికొస్తాయని పబ్లిషర్ ముందు నుంచీ చెబుతూ వచ్చారు. పనికొస్తాయి కూడా, ఆట ఆగిపోలేదు. కానీ కొత్త హీరోలకు బలం పెరిగింది. గ్రేట్‌సోర్డ్ పట్టినవాడు గురి తప్పినా ఎంతో కొంత దెబ్బ తగులుతుంది. మాల్ అనే పెద్ద సుత్తితో కొట్టినవాడు శత్రువుని పడగొట్టగలడు. ఎదురుగా ఉన్నవి మాత్రం పదేళ్ల నాటి రాక్షసులు. ఏ గుంపుకి ఎంతమంది శత్రువుల్ని పెట్టాలో చెప్పే కొత్త లెక్క నవంబరు పుస్తకంలో ఉంది, కొత్త శత్రువులు ఫిబ్రవరి పుస్తకంలో ఉన్నారు. ఈలోగా డీఎమ్ ప్రతి ఆదివారం అంచనా మీద బండి నడపాలి. ఆటగాడికి సెప్టెంబరులోనే అంతా చేతికొచ్చింది, ఎదురుచూపు మొత్తం డీఎమ్ మీద పడింది. టేబుల్ మీద అందరికన్నా ఎక్కువ కష్టపడేదీ, ఎక్కువ పుస్తకాలు కొనేదీ డీఎమ్మే కదా. ఆ మనిషికే ఆఖర్న ఇవ్వడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కొత్త పుస్తకం వచ్చాక వోర్గ్ పేజీ తీసి చూశాను. ఇప్పుడది ఎవర్నీ పడగొట్టదు. కాటు తిన్నవాడి మీద వేసే తర్వాతి దెబ్బకు అడ్వాంటేజ్, అంటే తగిలే అవకాశం ఎక్కువ, ఇస్తుంది, అంతే. చక్కటి రూల్. వోర్గ్ కరిస్తే దాని మీదున్న గోబ్లిన్ కత్తి దూస్తుంది, రెండూ జోడీగా పనిచేస్తాయి. అక్టోబరులో ఆ ఒక్క పేజీ నా దగ్గర ఉంటే ఆ రాత్రి పోరాటం ఇంకోలా ఉండేది.

తేదీలొక్కటే అయితే కోపం అంత దూరం వెళ్లేది కాదు. దాని వెనక పాత గాయాలున్నాయి. 2023 జనవరిలో, విజార్డ్స్ రూల్స్‌ని వాడుకుని ఇతరులు పుస్తకాలు తేవడానికి వీలిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్‌ని మార్చబోతున్నారన్న ముసాయిదా బయటికొచ్చింది. ఆ లైసెన్స్ మీద ఆధారపడి ఇరవై ఏళ్లకు పైగా చిన్నా పెద్దా పబ్లిషర్లు బతుకుతున్నారు. అభిమానులు ఆ కంపెనీ ఆన్‌లైన్ సైట్ డీ అండ్ డీ బియాండ్ చందాలు రద్దు చేసుకున్నారు. చివరికి జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ ముఖ్య రూల్స్ ఉన్న 5.1 రూల్స్ డాక్యుమెంట్‌ని, ఎవరైనా వాడుకునేలా, క్రియేటివ్ కామన్స్ కింద పెట్టేసింది. 2024లో డీ అండ్ డీ బియాండ్‌లో విడివిడిగా ఒక సబ్‌క్లాసో (క్లాస్ అంటే హీరో రకం, సబ్‌క్లాస్ అందులో ఉపరకం) ఒక రాక్షసుణ్ణో కొనుక్కునే వీలు తీసేశారు, కొంటే పుస్తకం మొత్తం కొనాలి. అదే ఏడాది ఆగస్టులో, హీరో వివరాలుండే క్యారెక్టర్ షీట్లలో పాత మంత్రాలు, మ్యాజిక్ వస్తువుల స్థానంలో కొత్తవి వచ్చేస్తాయని ప్రకటించారు. డబ్బు పెట్టి కొన్న పాత మంత్రం షీట్ మీద నుంచి మాయమవుతుందంటే ఎవరు ఊరుకుంటారు? కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయమూ వెనక్కి తీసుకున్నారు.

అడిగితే వింటున్నారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ప్రతిసారీ ముందు గొడవ జరగాలి, తర్వాతే వింటారు. అందుకే ఇప్పుడు ఏ కొత్త పుస్తకం తేదీ ప్రకటించినా జనం ముందు అనుమానంగా చూస్తున్నారు. ఆర్టిఫిసర్ క్లాస్‌నే తీసుకోండి. కొత్త హ్యాండ్‌బుక్‌లో లేదు. ఎబెరాన్ అనే ఊహాలోకం గురించిన పుస్తకంతో 2025 ఆగస్టులో ఇస్తామన్నారు, తర్వాత డిసెంబరుకు జరిపారు. మా టేబుల్ మీద ఆర్టిఫిసర్ ఆడే అమ్మాయి ఏడాదికి పైగా పాత రూల్స్‌తోనే నెట్టుకొచ్చింది.

ఇక పైజో. వీళ్లనీ ఉతికి ఆరేసిన అభిమానులున్నారు, వాళ్ల కోపానికీ కారణం ఉంది. 2023 జనవరిలో లైసెన్స్ గొడవ చూసి వేలమంది పాత్‌ఫైండర్ వైపు వచ్చారు. ఎనిమిది నెలలకు సరిపోతుందనుకున్న కోర్ రూల్‌బుక్ స్టాకు రెండు వారాల్లో అయిపోయిందని పైజో అప్పట్లో చెప్పింది. అలా కొన్నవాళ్లు సగం చదివారో లేదో, ఏప్రిల్‌లో రీమాస్టర్ ప్రకటన వచ్చింది. పాత లైసెన్స్‌తో సంబంధం తెంచుకోవడానికి రూల్స్‌ని మళ్లీ రాసి, కొత్త పుస్తకాలుగా తెస్తామన్నారు. మూడు నెలల కిందటే కొన్న హార్డ్‌కవర్ పాతదైపోయిందన్నమాట. అది కొన్నవాడికి ఎలా ఉంటుందో నేను ఊహించగలను.

పైగా అవీ విడతలుగానే వచ్చాయి. ప్లేయర్ కోర్, జీఎమ్ కోర్ (ఆట నడిపేవాళ్లది) 2023 నవంబరులో, మాన్‌స్టర్ కోర్ 2024 మార్చిలో, ప్లేయర్ కోర్ 2 ఆగస్టులో. మొదటి పుస్తకంలో ఫైటర్, విజార్డ్, క్లెరిక్, రోగ్ లాంటి ఎనిమిది క్లాసులు. బార్బేరియన్, మాంక్, సోర్సరర్ సహా ఇంకో ఎనిమిది క్లాసులు వచ్చింది తొమ్మిది నెలల తర్వాత. నెలలు లెక్కబెడితే విజార్డ్స్ కన్నా వీళ్లే ఎక్కువ ఆగమన్నారు.

అయినా పైజో పద్ధతే మేలంటాను. ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో పాత్‌ఫైండర్ రూల్స్ మొత్తం ఉచితంగా, పబ్లిషర్ అనుమతితోనే ఉంటాయి. పాతవీ ఉంటాయి, రీమాస్టర్‌వీ ఉంటాయి. పాత బార్బేరియన్ కొత్త రూల్స్ మధ్య ఆడొచ్చు, ఎందుకంటే మారినవి ఎక్కువగా పేర్లు, లైసెన్స్‌కి సంబంధించిన సంగతులు. మ్యాజిక్ మిసైల్ అనే మంత్రం ఫోర్స్ బ్యారేజ్ అయింది. మంచివాడా చెడ్డవాడా అని చెప్పే అలైన్‌మెంట్ పోయింది. పాచికలు వేసే తీరు మాత్రం అదే. కాబట్టి డబ్బు పెట్టి కొన్నా కొనకపోయినా, ఏ రాత్రయినా ఏ మృగం వివరాలైనా ఫోన్‌లో తీసి చూసుకోవచ్చు. వోర్గ్ దగ్గర నేను ఇరుక్కున్నట్టు ఇక్కడ ఎవరూ ఇరుక్కోరు.

ఇంకో సంగతి మనవాళ్లకు ముఖ్యం. పైజో తన రూల్‌బుక్స్‌ని పీడీఎఫ్‌గా కూడా అమ్ముతుంది, అచ్చు పుస్తకం కన్నా చాలా తక్కువకు. విజార్డ్స్ ఈ కొత్త మూడు పుస్తకాలనూ పీడీఎఫ్‌గా అమ్మడం లేదు. అచ్చు పుస్తకం కొనాలి, లేదా డీ అండ్ డీ బియాండ్‌లో కొని అక్కడే చదవాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఊళ్లోని గేమ్ షాపుకి వెళ్లి తెచ్చుకుంటారు. కరీంనగర్‌లోనో గుంటూరులోనో ఉన్న కుర్రాడికి బయటి దేశం నుంచి రావాల్సిన బరువైన హార్డ్‌కవర్ అంటే షిప్పింగ్ ఖర్చు, ఎదురుచూపు, పెట్టె నలిగి వస్తుందేమోనన్న టెన్షన్. ఆ మూడూ మూడుసార్లు పడాలంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. డీ అండ్ డీ బియాండ్‌లో ఉచిత రూల్స్ ఉన్నాయి, ఆట రుచి చూడటానికి అవి బాగానే ఉంటాయి. కానీ ఒక్కో క్లాసుకి ఒకే సబ్‌క్లాస్ ఇచ్చి ఊరుకుంటారు. రూల్స్ మొత్తం ఇవ్వడం, రుచి చూపించడం ఒకటి కావు.

ఒకేసారి ఇచ్చేసే పద్ధతికి రెండు ఉదాహరణలు చాలు. 2008 జూన్ 6న నాలుగో ఎడిషన్ మూడు పుస్తకాలూ ఒకే రోజు వచ్చాయి. వినడానికి బాగుంది. లోపల చూస్తే బార్డ్, డ్రూయిడ్, బార్బేరియన్, సోర్సరర్, మాంక్ లేరు. మొదటి నలుగురూ 2009లో రెండో హ్యాండ్‌బుక్‌తో, మాంక్ 2010లో మూడోదానితో వచ్చారు. కాబట్టి తేదీ ఒకటే అయినంత మాత్రాన ఆట పూర్తిగా ఇచ్చినట్టు కాదు. రెండోది 2025 మేలో డారింగ్టన్ ప్రెస్ తెచ్చిన డాగర్‌హార్ట్. ఆటగాళ్ల రూల్స్, నడిపించేవాళ్ల రూల్స్, శత్రువులు అన్నీ ఒక్క పుస్తకంలో, దానితో పాటు కార్డుల పెట్టె, 59.99 డాలర్లు. రూల్స్ డాక్యుమెంట్ ఉచితం. కొన్న రాత్రే ఆడొచ్చు. కాకపోతే తొలి ముద్రణ త్వరగా అయిపోయింది, దొరకనివాళ్లు మళ్లీ అచ్చయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. యాభై ఏళ్ల ప్రపంచాలు, రాక్షసులు, మంత్రాలు ఉన్న ఆటను ఇలా ఒక్క పెట్టెలో ఇమడ్చలేరన్నదీ నిజం.

మరి ఏది కొనాలి? కొత్తగా మొదలుపెట్టే నలుగురు స్నేహితులైతే, కథ మీద ఇష్టం ఎక్కువ, రూల్స్ మీద ఓపిక తక్కువ అయితే డాగర్‌హార్ట్ తీసుకోండి, ఒక్క కొనుగోలుతో పనైపోతుంది. లెక్కలు, వ్యూహం ఇష్టపడేవాళ్లు, చేతిలో డబ్బు లేని కాలేజీ పిల్లలు పాత్‌ఫైండర్‌తో మొదలుపెట్టండి, పుస్తకం తర్వాత నిదానంగా కొనుక్కోవచ్చు. 2014 పుస్తకాలతో హాయిగా ఆడుతున్న టేబుల్ అయితే మారాల్సిన తొందరేమీ లేదు. మారాలనుకుంటే ఇప్పుడు మూడూ వచ్చేశాయి కాబట్టి మూడూ ఒకేసారి తెచ్చుకోండి, లేదా మొత్తం టేబుల్ చందా వేసుకుని ఒక సెట్ కొనండి. 2025 ఏప్రిల్‌లో కొత్త రూల్స్‌కి సంబంధించిన 5.2 రూల్స్ డాక్యుమెంట్‌ని కూడా క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా ఇచ్చారు, అందులో వందల రాక్షసులున్నారు. ముందు అది దించుకుని చూడండి. మా వోర్గ్ కూడా అందులో ఉంది.

ఆ డాక్యుమెంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఉచితంగా ఇవ్వగలిగినదాన్ని ఏడు నెలల ముందు, హ్యాండ్‌బుక్ వచ్చిన రోజే, కనీసం యాభై రాక్షసులతోనైనా ఇచ్చి ఉంటే చాలు. మూడు పుస్తకాలూ అవే తేదీలకు రానీ, నేను అలాగే మూడూ కొనేవాణ్ణి. విజార్డ్స్ వాళ్లు ఇంకోసారి రూల్స్ మార్చే రోజు వస్తే నేను కోరేది అదొక్కటే. హీరోలకు కొత్త కత్తులు ఇచ్చిన రోజే, టేబుల్‌కి అటువైపు కూర్చున్న మనిషికి ఎదురు నిలిపేందుకు కొన్ని కొత్త మృగాల్నీ ఇవ్వండి.

తమ్ముడు ఇప్పటికీ డ్రూయిడే ఆడుతున్నాడు. కిందటి నెల గోబ్లిన్లు మళ్లీ ఎదురైనప్పుడు, నేను పేజీ తీయకముందే అడిగాడు: "ఈసారి నీ వోర్గ్ ఏ పుస్తకంలోది అన్నా?"