‘ఎస్కిమో’ను చెరిపి ‘ఇనుయిట్’ అని రాస్తే సరిపోయిందా? ఒక బొమ్మల కార్డుల పెట్టెపై సమీక్ష

కెనడాలోని విన్నిపెగ్ నగరంలో ఆదివారాలు నడిచే తెలుగు బడిలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. వారి కోసం ఈ ఏడాది హైదరాబాదు నుంచి వచ్చిన బంధువుల చేత ప్రపంచంలోని వివిధ ప్రజలను పరిచయం చేసే తెలుగు బొమ్మల కార్డుల పెట్టె ఒకటి తెప్పించాను. లోపాలను వివరిస్తూ ప్రచురణకర్తలకు విడిగా ఉత్తరం రాశాను కనుక వారి పేరు ఇక్కడ చెప్పడం లేదు. పెట్టె మీద ‘సవరించిన ముద్రణ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. నాలుగేళ్ళ క్రితం కొన్న పాత ముద్రణ కూడా నా దగ్గరే ఉండడంతో, దేన్ని సవరించారో పక్కపక్కన పెట్టి చూడగలిగాను.

ముందుగా వస్తువు సంగతి. అరవై కార్డులు, దళసరి అట్ట, గుండ్రంగా కత్తిరించిన మూలలు, తడి గుడ్డతో తుడిచినా చెరగని అచ్చు. అక్షరాలు చదవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు కూడా అందే పరిమాణంలో ఉన్నాయి. ఈ విషయాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కంతా ఆర్కిటిక్ ప్రాంతానికి కేటాయించిన ఐదు కార్డులలో ఉంది. పెట్టెలోని కార్డులన్నీ తెలుగు అక్షరక్రమంలో అమర్చి ఉంటాయి. పాత ముద్రణలో ‘ఉ’తో మొదలయ్యే ఉజ్బెకుల తరువాత, ‘ఒ’తో మొదలయ్యే ఒరోమోల ముందు ‘ఎస్కిమోలు’ కార్డు ఉండేది. కొత్త ముద్రణలో ఆ కార్డు మీద ‘ఇనుయిట్‌లు’ అని అచ్చయింది కానీ, కార్డు మాత్రం ఉజ్బెకులకూ ఒరోమోలకూ మధ్య, అదే ‘ఎ’ స్థానంలో, కదలకుండా కూర్చుంది. అంటే సంపాదకులు ఆ ప్రజల గురించి మళ్ళీ చదివి రాయలేదనీ, కంప్యూటరులో ఒక మాటను వెతికి దాని చోట మరో మాటను నింపారనీ మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

మార్చాలన్న ఉద్దేశం మాత్రం సరైనదే. ‘ఎస్కిమో’ అంటే పచ్చి మాంసం తినేవాడని పాత కార్డు వెనుక రాసి ఉండేది. ఆ వ్యుత్పత్తిని నేటి భాషావేత్తలు చాలామంది ఒప్పుకోరు. కెనడా తూర్పున లాబ్రడార్ ప్రాంతంలో ఇనుయిట్‌కు పొరుగున ఉండే ఇన్ను అనే వేరే ప్రజల భాషలో మంచు మీద నడిచేందుకు వాడే జల్లెడ పాదరక్షలను అల్లేవారు అనే అర్థం గల మాట నుంచి అది పుట్టిందని వారి అభిప్రాయం. అయినా అభ్యంతరం వ్యుత్పత్తి దగ్గర ఆగదు. పొరుగువారు పెట్టిన పేరును ఐరోపావారు అందుకొని, తరతరాలుగా చిన్నచూపుతో వాడడమే అసలు నొప్పి. ఈ నొప్పి తెలుగువారికి కొత్తదేమీ కాదు. కుంపెనీ కాలంలో మద్రాసులోని ఆంగ్లేయులు మనలనూ మన భాషనూ ‘జెంటూ’ అని పిలిచేవారు. అన్యమతస్థుడు అనే అర్థం గల పోర్చుగీసు మాటకు అది వికృతి. ఆ పేరే నేటికీ నిలిచి ఉంటే మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఎంతకాలం సహించేవాళ్ళమో ఊహించుకోవచ్చు.

1977లో అలాస్కాలోని బారో పట్టణంలో (2016లో ఆ పట్టణమే ‘ఉట్కియాగ్విక్’ అనే తన పాత పేరుకు మారింది) అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ ప్రతినిధులు సమావేశమై, ధ్రువ ప్రాంతమంతటికీ చెందిన తమ మండలికి ‘ఇనుయిట్’ పేరునే పెట్టుకున్నారు. 1982 నాటి కెనడా రాజ్యాంగ చట్టంలోనూ ఇనుయిట్ అన్న మాటే ఉంది. అందువల్ల కెనడా వరకు కొత్త కార్డు చెప్పేది సరైనదే. గ్రీన్‌లాండ్‌కు వచ్చేసరికి అక్కడివారిలో అత్యధికులు తమను ‘కలాల్లిట్’ అని చెప్పుకుంటారని ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఇంకా బాగుండేది.

అసలు తప్పు రెండో కార్డులో ఉంది. పాత ముద్రణలో ‘అలాస్కా ఎస్కిమోలు’ అని ఉన్నది ఇప్పుడు ‘అలాస్కా ఇనుయిట్‌లు’ అయింది. వెనుక వాక్యాలు చదివితే, యూకాన్, కుస్కోక్విమ్ నదులు సముద్రంలో కలిసే చోట సాల్మన్ చేపలు పట్టి ఎండబెట్టుకునే ప్రజల గురించి చెబుతున్నారని అర్థమవుతుంది. వారు యూపిక్ ప్రజలు. వారి భాషలో మనిషిని ‘యుక్’ అంటారు, దానికి నిజమైన అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరితే ‘యూపిక్’ అవుతుంది. ‘ఇనుయిట్’ అన్నది వారి భాషలో మాటే కాదు. పైన చెప్పిన మండలి తన నియమావళిలో వారినీ కలుపుకొనే ఇనుయిట్ అన్న మాటను వాడుతుందన్నది నిజమే, కానీ ఒక రాజకీయ వేదికకు ఉమ్మడి పేరుగా అది ఒప్పుతుందే తప్ప, పిల్లల కార్డు మీద ఆ నదీతీరపు ప్రజల పేరుగా ఒప్పదు. ఉత్తర అలాస్కాలోని ఇనుపియట్ ప్రజలు ఇనుయిట్‌కు దగ్గరి చుట్టాలే అయినా, వారికీ తమదైన పేరుంది. ఆ ప్రాంతంలో పెద్దవయసువారు కొందరు తమను తాము ‘ఎస్కిమో’ అని నేటికీ చెప్పుకుంటారు. అలా చెప్పుకోవడం వారి హక్కు, దాన్ని సాకుగా తీసుకుని మనం అనడం వేరు.

మిగిలిన మూడు కార్డులను చూస్తే, ఫిర్యాదు చెవిన పడిన చోట మాత్రమే చెయ్యి చేసుకున్నారని తోస్తుంది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలలోని సామీ ప్రజలు కించపరిచే మాటగా భావించే ‘లాప్’ అన్న పేరు కొత్త ముద్రణలోనూ చెక్కుచెదరలేదు. నార్వేలో 1989 నుంచి వారికి ‘సామీ’ పేరుతోనే ఒక పార్లమెంటు ఉన్నా, ఆ సంగతి మన సంపాదకుల దాకా వచ్చినట్టు లేదు. అల్యూషన్ దీవుల ‘ఉనంగన్’ ప్రజలను రష్యన్ బొచ్చుతోళ్ళ వ్యాపారులు తెచ్చిన ‘అల్యూట్’ అనే పేరుతోనే పరిచయం చేశారు. రష్యా ఈశాన్య కొసన ఉండే చుక్చీల కార్డు పరవాలేదు.

తెలుగు వ్యాకరణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కెనడా ఇనుయిట్ ప్రజలు మాట్లాడే ఇనుక్టిటుట్ భాషలో ఒక మనిషి ‘ఇనుక్’, ఇద్దరు ‘ఇనూక్’, ముగ్గురూ ఆపైన ‘ఇనుయిట్’. సంస్కృతం తెలిసినవారికి ఈ ద్వివచనం వెంటనే దగ్గరగా తోస్తుంది. ఇప్పటికే బహువచనమైన మాటకు మళ్ళీ ‘లు’ తగిలించి ‘ఇనుయిట్‌లు’ అనడం నా చెవికి పంటి కింద రాయిలా ఉంది. ‘ఇనుయిట్ ప్రజలు’ అంటే చాలు. అయితే పిల్లలెవరైనా మాటల్లో ‘ఇనుయిట్‌లు’ అంటే నేను దిద్దను, పోలీసును పోలీసులు చేసుకున్న భాష మనది. అంతకంటే ముఖ్యంగా దిద్దవలసింది వెనుకవైపు ఉన్న ‘వీళ్ళు మంచు ఇళ్ళలో నివసిస్తారు’ అనే వాక్యం. ‘ఇగ్లు’ అంటే వారి భాషలో ఏ ఇల్లయినా కావచ్చు. మంచు దిమ్మెలతో కట్టే గుమ్మటం కెనడా ఆర్కిటిక్‌లో ప్రధానంగా చలికాలపు విడిదిగా, వేట ప్రయాణాల్లో పనికివచ్చేది. నేడు ఆ ప్రాంతంలోని ఇకాలుయిట్ పట్టణంలో ఉండేవారు మనలాగే తలుపుకు తాళం వేసుకుని పనికి వెళతారు.

మరొక చిన్న విషయం నన్ను ఎక్కువ బాధించింది. పెట్టెలోని చాలా కార్డుల మీద బొమ్మలోని పిల్లకో పిల్లవాడికో ఒక పేరు ఉంది, ఈ ఐదు కార్డుల మీద మాత్రం ‘ఇనుయిట్ బాలుడు’, ‘లాప్ బాలిక’ అని వదిలేశారు. కెనడా ప్రభుత్వం 1941 నుంచి 1970ల దాకా ఇనుయిట్ ప్రజలకు అంకెలు చెక్కిన బిళ్ళలు ఇచ్చింది, వారి పేర్లు అధికారుల నోటికీ దస్త్రాలకూ లొంగకపోవడమే అందుకు కారణం. నాణెమంత బిళ్ళను మెడలో వేసుకోవాలి, లేదా దుస్తులకు కుట్టుకోవాలి. మన బిళ్ళబంట్రోతుకు బిళ్ళ ఉద్యోగానికి గుర్తు, ఇక్కడ అది మనిషికే గుర్తయింది. అంకెల స్థానంలో ఇంటిపేర్లు నమోదు చేసేందుకు 1960ల చివరలో ఊరూరా తిరిగిన ఏబ్ ఓక్పిక్ స్వయంగా ఇనుక్. ఆయన బిళ్ళ సంఖ్య డబ్ల్యూ 3-554. ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో ఒక పాప తన హాజరు సంఖ్య ఎంతో చూసుకుని, “మేడం గారూ, నన్ను కూడా పదిహేడు అని పిలుస్తారా?” అని అడిగింది.

పోలిక కోసం, మా ఊళ్ళోనే 2021లో తెరిచిన ఖౌమాజుక్ అనే ఇనుయిట్ కళాకేంద్రానికి పిల్లలను తీసుకువెళ్ళాను. ‘వెలుగుతోంది’ అనే అర్థం గల ఆ పేరును ఇనుక్టిటుట్ భాష నుంచి పెట్టినవారు ఆదివాసీ భాషా సంరక్షకులే. అద్దాల వెనుక వరుసగా పేర్చిన రాతి శిల్పాలను చూస్తూ, వాటిని చెక్కినవారి పేర్లు పలకడానికి పిల్లలు పోటీ పడ్డారు. చెక్కినవాడు ‘ఎవరో ఒక ఎస్కిమో’ అయిపోతే ఆ పోటీకి తావే ఉండేది కాదు.

కొనాలా వద్దా అంటే, పాత ముద్రణ ఉన్నవారు కొత్తదాని కోసం ఖర్చు చేయనక్కరలేదు. కొత్తగా కొనేవారు మిగిలిన యాభై ఐదు కార్డుల కోసం కొనవచ్చు కానీ, ఈ ఐదింటిని యథాతథంగా పిల్లల చేతికి ఇవ్వవద్దు. మా తరగతిలో పిల్లలు తెల్ల కాగితం అతికించి, యూపిక్, సామీ, ఉనంగన్ అని స్వదస్తూరీతో రాశారు. ఇనుయిట్ కార్డును ‘ఇ’లోకి, యూపిక్ కార్డును ‘య’లోకి, సామీ కార్డును ‘స’లోకి మార్చారు. పెట్టెలో ‘ఎ’ దగ్గర ఇప్పుడు కార్డు లేదు.