ర్యాంక్-ఎఫ్‌సీ రిసెప్టర్ ప్రోటీన్: నల్లగొండ ప్రయోగశాలలో కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ సమీక్ష ఎలుక ర్యాంక్ రిసెప్టర్ (కణం మీద ఉండి సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) బయటి భాగానికి మానవ యాంటీబాడీలోని ఎఫ్‌సీ అనే తోక భాగాన్ని జతచేసి, జన్యువులను కలిపి తయారుచేసిన రీకాంబినెంట్ ప్రోటీన్ గురించి. ప్రయోగశాలల్లో దీన్ని ర్యాంక్-ఎఫ్‌సీ అని పిలుస్తాము. ఫ్లోరైడ్ ఎముక కణాలను ఏం చేస్తుందో పరిశీలించే ఒక చిన్న ప్రయోగశాలలో, నల్లగొండలో, దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. డబ్బు సర్దుబాటైనప్పుడల్లా వేర్వేరు తయారీదారుల సరుకు తెప్పించి పక్కపక్కన పరీక్షించాను కనుక, ఇక్కడ రాసేది ఏ ఒక్క బ్రాండు గురించీ కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇది నమ్మదగిన సరుకే, అయితే లేబుల్ మీది అంకెలను పట్టుకుని ప్రయోగం నడపకూడదు. ప్రతి కొత్త లాట్‌నూ, అంటే ఒకేసారి తయారైన సరుకునూ, మన కణాల మీద మనమే కొలుచుకున్న తర్వాతే అసలు పనికి వాడాలి.

ర్యాంక్ ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ రిసెప్టర్ల కుటుంబంలోనిది. 1997లో అమెరికాలోని ఇమ్యునెక్స్ కంపెనీ శాస్త్రవేత్తలు దీన్ని రోగనిరోధక వ్యవస్థకు చెందిన డెండ్రిటిక్ కణాలను పరిశీలిస్తూ కనుగొన్నారు. అదే ఏడాది ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరో ప్రోటీన్ వెలుగులోకి వచ్చింది. 1998 నాటికి ఈ రెండింటికీ అతుక్కునే ర్యాంక్-ఎల్ అన్నదే ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను పుట్టించే సంకేతమని తేలింది. ర్యాంక్-ఎల్ వచ్చి, ఆస్టియోక్లాస్ట్‌గా మారగల పూర్వకణాల మీది ర్యాంక్‌ను తాకితే ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసి, అనేక కేంద్రకాలున్న పెద్ద ఆస్టియోక్లాస్ట్‌గా మారతాయి. ఆ ర్యాంక్ బయటి భాగాన్ని మాత్రమే విడిగా తయారుచేసి ద్రావణంలో కలిపితే, ర్యాంక్-ఎల్ కణం దాకా పోకుండా మధ్యలోనే దీనికి చిక్కుకుంటుంది. 2010లో అమెరికాలో అనుమతి పొందిన డెనోసుమాబ్ అనే ఎముకల మందు కూడా ర్యాంక్-ఎల్‌నే అడ్డుకుంటుంది, కానీ అది ఎలుకల ర్యాంక్-ఎల్‌ను పట్టుకోదు. ఎలుక కణాలతో పనిచేసే మాలాంటి వారికి ర్యాంక్-ఎఫ్‌సీ అవసరం పడేది అందుకే.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతికి ఈ జిల్లా పేరే ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి అంటే కణాల ప్రయోగంలో సుమారు 79 మైక్రోమోలార్ అవుతుంది. మేము ఆ చుట్టుపక్కల మోతాదుల నుంచి మొదలుపెట్టి పైకి పోతాము. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆస్టియోక్లాస్ట్‌లను గుర్తించడానికి అందరూ వాడే ట్రాప్ రంజనం (కణాలకు రంగు పట్టించే పద్ధతి) ఒక ఆమ్ల ఫాస్ఫటేజ్ ఎంజైమ్ పనితనం మీద ఆధారపడుతుంది, ఆ ఎంజైమ్‌ను ఫ్లోరైడ్ స్వయంగా అణచివేయగలదు. కణాలు పెంచే ప్లాస్టిక్ పళ్లెంలోని చిన్న గుంటను మేము బావి అంటాము; ఆ బావిలో రంగు తగ్గితే కణాలు తగ్గాయో, ఎంజైమ్ మాత్రమే మందగించిందో కేవలం రంగును చూసి చెప్పలేము. ర్యాంక్-ఎఫ్‌సీ కలిపిన బావిలో ఫ్లోరైడ్ ఉండదు, ఎంజైమ్‌కు ఏ అడ్డూ ఉండదు, అయినా పెద్ద కణాలు పుట్టవు. సంకేతమే ఆగిపోతే పళ్లెం ఎలా కనిపిస్తుందో అది చూపిస్తుంది. ఫ్లోరైడ్ బావులను దాని పక్కన పెట్టి, రంజనానికి ముందు బాగా కడిగి, రంగుతోపాటు కేంద్రకాలను కూడా లెక్కపెట్టి పోల్చుకుంటాము. ఈ ఒక్క ఉపయోగం కోసమే ఈ ప్రోటీన్ మీద పెట్టే ఖర్చు నాకు సమంజసంగా అనిపిస్తుంది.

పని బాగా సాగిన పళ్లెం చూస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ కణాలకు (ఆస్టియోక్లాస్ట్‌లుగా మారగల రోగనిరోధక కణాలు) మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల ర్యాంక్-ఎల్ ఇచ్చిన బావిలో, ఐదో రోజుకల్లా దాదాపు వంకాయ రంగుకు తిరిగిన పెద్ద పెద్ద కణాలు, అంచులు పరచుకుని, లోపల గుత్తులుగా కేంద్రకాలతో కనిపిస్తాయి. పక్కనే ర్యాంక్-ఎఫ్‌సీ చాలినంత ఇచ్చిన బావిలో చిన్న గుండ్రని కణాలు వేటికవే ఉండిపోతాయి. అక్కడక్కడ ఒకదానికి లేత రంగు పట్టినా కేంద్రకం ఒక్కటే ఉంటుంది. మేము మూడు లేదా అంతకన్నా ఎక్కువ కేంద్రకాలున్న వాటినే ఆస్టియోక్లాస్ట్‌లుగా లెక్కలోకి తీసుకుంటాము.

కొనేటప్పుడు ముందుగా చూసుకోవలసినది తోక సంగతి. ఇదే ర్యాంక్ బయటి భాగం, ఎఫ్‌సీ బదులు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాల పొట్టి తోకతో, ఒంటి అణువుగా, కొంత తక్కువ ధరకు దొరుకుతుంది. ఎఫ్‌సీ ఉన్నవి రెండేసి అణువులు డైసల్ఫైడ్ బంధాలతో జతకట్టి ఉంటాయి. ర్యాంక్-ఎల్ మూడు అణువుల గుత్తి కాబట్టి, జంట రిసెప్టర్ దాన్ని రెండు చోట్ల ఒకేసారి పట్టుకోగలదు. నిండు బిందెను ఒంటి చేత్తో పట్టడానికీ, రెండు చేతులా పట్టడానికీ ఉన్న తేడా అది. హిస్టిడిన్ తోక ఉన్నదాన్ని కణాల మీద వాడి చూశాను. ఎంతో ఎక్కువ మోతాదు పోస్తే తప్ప సంకేతం సరిగా ఆగలేదు కనుక తక్కువ ధర లాభం అక్కడే హరించుకుపోయింది. ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) పళ్లేనికి పూత పూయడం వరకైతే అది చాలు.

ఇక ఎక్కడ పండించినదో కూడా అడగాలి. ర్యాంక్ బయటి భాగంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు దట్టంగా ఉండే నాలుగు మడతలు ఉంటాయి. ఆ సిస్టీన్‌ల మధ్య డైసల్ఫైడ్ బంధాలు సరిగా కుదరకపోతే అణువు ఉన్నా పట్టు ఉండదు. అందువల్ల బ్యాక్టీరియాలో తయారై మళ్లీ మడతపెట్టిన దానికన్నా క్షీరద కణాల్లో తయారైనదాన్నే తీసుకుంటాను. ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద నడిపితే ఒక గొలుసుకు అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం రావలసిన 47 కిలోడాల్టన్ల దగ్గర కాక అంతకు పైన, కాస్త వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. చక్కెర గొలుసులు అతికి ఉండటమే దానికి కారణం, కంగారు పడనవసరం లేదు. బంధాలను తెంచే రసాయనం కలపకుండా నడిపితే దాదాపు రెట్టింపు బరువు దగ్గరికి పోవాలి. అలా పోకుండా కిందనే పట్టీ ఉందంటే జంటలు విడిపోయాయని అనుమానించాలి.

సరుకు వచ్చే తీరు గురించి కొంత చెప్పాలి. హైదరాబాద్ దాకా సజావుగా వచ్చిన పెట్టె, అక్కడి గోదాములో ఆగి, మే నెలలో చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా మాకు చేరేసరికి దాని పరిస్థితి వేరేగా ఉంటుంది. ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో గడ్డకట్టిన ద్రావణం రూపంలో తెప్పించుకోవడం పొరపాటే అవుతుందని నా అభిప్రాయం. ఒక సరఫరాదారు పంపిన పెట్టెలో డ్రై ఐస్ ఆనవాలు కూడా మిగలలేదు, ద్రావణం కరిగి గోరువెచ్చగా ఉంది. ఫోటోలు పంపితే, పెట్టె తమ దగ్గర బయలుదేరినప్పుడు బాగానే ఉందని సమాధానం వచ్చింది. అప్పటినుంచి శీతలీకరించి ఆరబెట్టిన పొడి రూపమే అడుగుతున్నాను, అదీ సోమవారం బయలుదేరేలా చూడమని రాస్తాను.

పొడి రూపంలో సీసా చేతికి వచ్చినప్పుడు కొత్తవాళ్లు తప్పకుండా మోసపోతారు. 50 మైక్రోగ్రాముల ప్రోటీన్ అంటే కంటికి ఆనేంత పదార్థం కాదు. సీసా అడుగున మంచు ఆవిరి పట్టినట్టు పలచటి పొర, ఒక్కోసారి మూత లోపలి అంచున చిన్న మరక, అంతే. మా పరిశోధక విద్యార్థి ఒకరు దాన్ని వెలుతురుకు ఎత్తి, "సార్, ఇండ్ల ఏం లేదు గదా!" అన్నారు. అందుకే మూత తీయకముందే సీసాను కాసేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మూతకు పట్టిందంతా అడుగుకు దించుతాము. తర్వాత సూక్ష్మజీవరహితమైన పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం పోసి, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల గాఢత వచ్చేలా చూసుకుని, గట్టిగా కుదిపే వోర్టెక్స్ యంత్రం జోలికి పోకుండా చేత్తో నెమ్మదిగా వంచుతూ కరగనిస్తాము. నురుగు లేచిందంటే ప్రోటీన్ కొంత పాడైనట్టే.

ఇప్పుడు లేబుల్ సంగతి. సీసాతో వచ్చే పత్రంలో సగం ప్రభావానికి కావలసిన మోతాదు అని ఒక అంకె గాని, ఒక అవధి గాని ఉంటుంది. అది వాళ్ల కణాల మీద, వాళ్లు వాడిన ర్యాంక్-ఎల్ మోతాదు దగ్గర వచ్చిన అంకె. ర్యాంక్-ఎల్ మార్చినా, అందులో ఎంత భాగం చురుకుగా ఉందో తెలియకపోయినా ఆ అంకె మన బల్ల మీద నిలవదు. పైగా చాలామంది నానోగ్రాములను నానోగ్రాములతో పోలుస్తారు. జంట రిసెప్టర్ బరువు ర్యాంక్-ఎల్ గుత్తి కన్నా ఎక్కువ కనుక, సమాన నానోగ్రాములు పోస్తే అణువుల సంఖ్యలో రిసెప్టర్ తక్కువ పడుతుంది. నేను మోలార్ లెక్కలోనే వేసుకుని, తక్కువ నుంచి ఎక్కువకు ఎనిమిది గాఢతలతో వక్రరేఖ గీసి, పెద్ద కణాలు పూర్తిగా ఆగిన గాఢతను ఆ లాట్‌కు పని మోతాదుగా పెట్టుకుంటాను. ఒకే తయారీదారు నుంచి వచ్చిన రెండు లాట్‌ల మధ్య రెట్టింపుకు దగ్గరగా తేడా చూశాను. రెండు పత్రాల మీదా అవధి ఒకటే, రెండూ దానికి లోబడే ఉన్నాయి, కనుక తప్పని ఎవరినీ అనలేము. ఒక లాట్ బాగా కుదిరితే ఆ అధ్యయనానికి సరిపడా సీసాలు అదే లాట్ నుంచి ఒకేసారి కొనిపెట్టుకోవడం మేలు.

కలిపే వరుస కూడా ఫలితాన్ని మారుస్తుంది. ర్యాంక్-ఎల్‌నూ ర్యాంక్-ఎఫ్‌సీనీ కణాలు పెరిగే మాధ్యమంలో ముందే కలిపి, 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచి, ఆ తర్వాత కణాలకు అందిస్తే ఫలితం నిలకడగా వస్తుంది. కణాలకు ర్యాంక్-ఎల్ ముందే ఇచ్చేసి రిసెప్టర్‌ను ఆలస్యం చేసినకొద్దీ అడ్డుకట్ట బలహీనపడుతుంది.

ఎఫ్‌సీ తోక మంచితోపాటు ఒక తలనొప్పిని కూడా తెస్తుంది. మాక్రోఫేజ్‌ల మీద ఎఫ్‌సీని పట్టుకునే గ్రాహకాలు సహజంగానే ఉంటాయి, మానవ ఎఫ్‌సీ ఎలుక కణాలకు కూడా అతుక్కుంటుంది. కాబట్టి రిసెప్టర్ లేని ఒట్టి ఎఫ్‌సీని అంతే మోలార్ గాఢతలో ఇచ్చిన బావి లేకుండా వచ్చిన ఏ ఫలితాన్నీ నేను అంగీకరించను. వ్యాసాల్లో కూడా ముందుగా ఆ బావి కోసమే వెతుకుతాను. దాన్ని కొందరు తయారీదారులు విడిగా అమ్ముతారు, కొందరి దగ్గర దొరకదు. ప్రధాన సరుకుతోపాటే చిన్న సీసాలో దాన్ని కూడా ఇవ్వడం న్యాయమని నా ఫిర్యాదు.

ఎండోటాక్సిన్ అంతకన్నా గడుసుది. బ్యాక్టీరియా పొర నుంచి వచ్చే ఈ లిపోపాలీసాకరైడ్, ర్యాంక్-ఎల్ ఇంకా తాకని పూర్వకణాలను ఆస్టియోక్లాస్ట్‌లు కాకుండా ఆపగలదు, అప్పటికే సంకేతం అందుకున్న కణాలనైతే ముందుకు తోయగలదు. అంటే కలుషితమైన సరుకు, పనిచేయకపోయినా పనిచేస్తున్నట్టు కనిపించవచ్చు. మైక్రోగ్రాముకు 1 యూనిట్ కన్నా తక్కువ అని రాసి ఉన్న సరుకు కన్నా, 0.1 యూనిట్ కన్నా తక్కువ అని రాసి ఉన్నదాన్నే ఈ పనికి ఎంచుకుంటాను. అనుమానం వచ్చిన సీసా నుంచి కొంచెం తీసి 95 డిగ్రీల దగ్గర మరగబెట్టి ఒక బావిలో వేస్తాము. వేడికి రిసెప్టర్ మడత చెడుతుంది, ఎండోటాక్సిన్ మాత్రం చాలావరకు నిలుస్తుంది. అలా మరగబెట్టినది కూడా కణాలను ఆపితే ఆ సీసాను పక్కన పెట్టేస్తాము.

దీని బదులు ఆస్టియోప్రొటెజెరిన్ వాడవచ్చు కదా అని తరచూ అడుగుతారు. ర్యాంక్-ఎల్ మీద దాని పట్టు ర్యాంక్ కన్నా గట్టిది, కనుక తక్కువ మోతాదుతో పని జరుగుతుంది. అయితే అది కణమరణాన్ని ప్రేరేపించే ట్రెయిల్ అనే మరో ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువ మోతాదులో కణాలను చంపే అవకాశం ఉన్న ప్రయోగంలో ఆ అదనపు సంబంధం మాకు అక్కర్లేదు. కేవలం ఆస్టియోక్లాస్ట్‌లను ఆపడమే లక్ష్యమైతే నేనూ ఆస్టియోప్రొటెజెరిన్‌నే కొనుక్కోమంటాను.

నిల్వ విషయంలో ఈ ప్రోటీన్ అనుకున్నదానికన్నా గట్టిదే. కరిగించిన వెంటనే, ప్రోటీన్ తక్కువగా అంటుకునే గొట్టాల్లో, ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న భాగాలుగా చేసి మైనస్ 80 డిగ్రీల దగ్గర పెట్టినవి నెలలు గడిచినా పని మోతాదు మారకుండా నిలిచాయి. మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టించినవి మాత్రం స్పష్టంగా బలం కోల్పోయాయి. వాహకంగా బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) కలిపిన రకం పలచని గాఢతల్లో ఇంకా బాగా నిలుస్తుంది. రంగు గుర్తు గాని, బయోటిన్ గాని అతికించాలంటే మాత్రం బీఎస్ఏ లేనిదే కొనాలి. తనంతట తాను మంచు కరిగించుకునే ఇంటి ఫ్రిజ్‌ల ఫ్రీజర్లలో దీన్ని పెట్టకూడదు. కరెంటు పోయి వచ్చే చోట ఫ్రీజర్‌కు విడిగా జనరేటర్ లైను ఉండాలి.

జంతువుల మీద ప్రయోగాలకు ఈ చిన్న సీసాలు పనికిరావు. ఎలుక బరువుకు తగ్గట్టు వారాలపాటు ఇవ్వాలంటే మిల్లీగ్రాముల్లో కావాలి, ఆ పరిమాణంలో కొనడం మాలాంటి ప్రయోగశాలకు తలకు మించిన భారం. రోగుల రక్తంలో ర్యాంక్-ఎల్‌ను కొలవడానికి దీన్ని పళ్లేనికి పూసి ఎలైజా చేయాలని ప్రయత్నించేవారు కూడా ఒకటి గమనించాలి: మానవ ఎఫ్‌సీ పళ్లెం మీద ఉండగా మానవ ఇమ్యునోగ్లోబులిన్‌ను గుర్తించే యాంటీబాడీ వాడితే అన్ని బావులూ ఒకే రంగుకు తిరుగుతాయి. ఆ పనికి హిస్టిడిన్ తోక ఉన్న మానవ ర్యాంక్‌నే తెప్పించుకోవాలి.