అంచులు కోయని బైండింగ్ కొట్టు

నెల్లూరులో పాత పుస్తకం బైండింగ్‌కి ఎక్కడ ఇవ్వాలని అడిగితే నేను ధైర్యంగా చెప్పే చోటు ఒకటే. ట్రంకు రోడ్డు నుంచి పెద్దబజారు వైపు వెళ్తే ఒక సందులో, పెళ్ళిపత్రికలు అచ్చువేసే ప్రెస్ పక్కన, బోర్డు లేని చిన్న గది. పనిచేసేది ఒక్క మనిషే. అందరూ బైండింగ్ అన్న అంటారు.

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. బీరువా కింది అరలో పుస్తకాలు తడిసి ఉబ్బిపోయాయి. ఫ్యాను కింద ఆరబెట్టి కాగితాలైతే దక్కించుకున్నాం గానీ అట్టలు ఊడిపోయాయి. వాటిలో మూడు నాకు ప్రాణం. అత్తమ్మ పారాయణ గ్రంథం. అమ్మ వారపత్రికల్లోంచి చించి దాచుకున్న సీరియల్. పెళ్ళికి ముందు మా ఆయన నాకిచ్చిన నవల.

ఆ నవలలో ఒకచోట ఆయన పెన్సిలుతో, "ఇక్కడ నువ్వైతే ఏం చేస్తావు?" అని రాశారు. దాని కిందే జవాబు రాసి పుస్తకం తిప్పి పంపాను. మళ్ళీ ఇంకో ప్రశ్నతో వచ్చింది. ఆ రోజుల్లో మేం ఒకరికొకరు రాసుకున్నదంతా ఆ అంచుల్లోనే ఉంది. అందుకే నా భయమంతా కటింగ్ గురించే. బైండింగ్ అయ్యాక నున్నగా కనిపించాలని మూడువైపులా మిషన్‌లో పెట్టి కోసేస్తారు. మా నాన్న పుస్తకం ఇంకోచోట ఇస్తే ఆయన రాసుకున్న మాటల్లో చివరి అక్షరాలు తెగిపోయి వచ్చాయి. ఆ బాధ నాకింకా పోలేదు.

ఈ అన్న నవల తెరిచి చూసి, "ఇదేమన్నా లెక్కల నోటుబుక్కా మా, మిషన్‌లో పెట్టి కోసేదానికి? అంచు ఎగుడుదిగుడుగానే ఉండనీ" అన్నాడు.

ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, విడదీసి, మడత దగ్గర చిరిగినచోట పల్చటి టిష్యూ కాగితం అతికి, దారంతో కుట్టాడు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతాడు. నేను రెక్సిన్ అడిగితే, మన ఎండలకి పొట్టు లేస్తుంది, కాలికో అనే నూలు గుడ్డే మేలన్నాడు. ఇప్పుడు ఆ నవల బల్లమీద పెడితే చేత్తో నొక్కిపట్టకుండానే పూర్తిగా తెరుచుకుంటుంది. మా అమ్మాయి చదువుతోంది. మా ఇద్దరితోనూ ఒప్పుకోక కింద తన జవాబు రాసింది, పెన్నుతో.

అత్తమ్మ గ్రంథాన్ని అన్న నేలమీద పెట్టలేదు. చేతులు కడుక్కుని, పీట మీద గుడ్డ పరిచి దానిమీద పని చేశాడు. రొట్టెల పండగ రోజుల్లో కొట్టు మూసి బారా షహీద్ దర్గా దగ్గరే ఉండే మనిషి ఆయన. అత్తమ్మ కూడా స్వర్ణాల చెరువులో దిగి నాకోసం సంతానం రొట్టె పట్టింది. కోరిక తీరాక మళ్ళీ వెళ్ళి ఇంకొకరికి రొట్టె వదిలింది. ఇంటికొచ్చి పారాయణానికి కూర్చుంది. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందని ఆమె ఏనాడూ ఆలోచించలేదు. నాకు దేవుడి మీద అంత గట్టి నమ్మకం లేదు. కానీ ఆమె పసుపు వేళ్ళతో తిప్పగా తిప్పగా పచ్చబడిన ఆ పేజీల మూలలు ముట్టుకుంటే, ఆమె నమ్మకాన్ని నమ్మబుద్ధవుతుంది. అన్న ఆ మూలల్ని తుడవలేదు. తుడవమని నేనూ అడగలేదు.

సీరియల్ మాత్రం అంత బాగా రాలేదు. అన్నీ విడి కాగితాలు కాబట్టి మడతలో కాకుండా అంచు పక్కన కుట్టే పక్కకుట్టు వేయక తప్పలేదు. లోపలివైపు అక్షరాలు కొన్ని కుట్టులోకి పోయాయి, విప్పార్చి చదువుకోవాలి. కథ వెనకవైపున్న వంటలూ సబ్బుల ప్రకటనలూ తీసేయకుండా ఉంచాడు, అది సంతోషం. అట్టమీద బంగారు అక్షరాలు బయట వేయిస్తాడు. పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. మళ్ళీ వేయించి ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు.

చెప్పిన రోజుకి ఇస్తాడని ఆశ పెట్టుకోకండి. బడులు తెరిచే జూన్‌లో అసలే వెళ్ళొద్దు. ఫోన్ ఎత్తడు, మనిషి పోయి అడగాల్సిందే. నవలకి 250, గ్రంథానికి 400 తీసుకున్నాడు. మిషన్ బైండింగ్ కంటే ఎక్కువే అయినా ఆ చేతిపనికి ఇవ్వాల్సిన డబ్బే. కుట్టు బైండింగ్ కావాలని ముందే చెప్పండి. చిరిగినచోట సెలోటేపు వేసి మాత్రం తీసుకెళ్ళకండి, ఊడదీసేటప్పుడు దాంతోపాటు అక్షరాలూ లేచొస్తాయి.